హారన్ మేడం నోరు కట్టేసుకున్న ఏడాది

డ్రైవింగ్ స్కూలు కారుకు రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, ఇంకొకటి పక్కసీట్లో కూర్చుని నేర్పేవాళ్ళ కాలి కింద. ఈ రెండోది ఉందన్న ధైర్యంతోనే ఇంతమంది స్టీరింగ్ ముట్టుకుంటున్నారు గానీ, లేకపోతే సగంమంది తాళంచెవి చూడగానే ఇంటిదారి పట్టేవాళ్ళు. హారన్ మేడం మాత్రం ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ రెండో బ్రేకును వేళ్ళ మీద లెక్కపెట్టినన్ని సార్లు తొక్కి ఉంటుందేమో. నోరుండగా కాలితో పనేమిటని ఆవిడ అభిప్రాయం.

ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. ఎదురుగా పిలిచే మొనగాడు మాత్రం ఇంకా పుట్టలేదు. "అద్దం చూడవేం? అద్దం ఎందుకు పెట్టారనుకున్నావు, తల దువ్వుకోడానికా?" అని ఆవిడ ఒక్క కేక వేస్తే కారులో ఉన్నవాళ్ళే కాదు, పక్కన స్కూటరు మీద పోతున్న మనిషి కూడా తన అద్దం సర్దుకునేవాడు. "గేరు మార్చమన్నాను గానీ పెరికి చేతిలో పెట్టమనలేదు." "మలుపు ఎక్కడికీ పారిపోదు, నిదానంగా తిప్పు." "బ్రేకు! బ్రేకంటే అది కాదు, దాని పక్కది!" ఆవిడ పక్కన కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు. ఇక మానేస్తాం అని తలుపు విసిరికొట్టి దిగిపోయి, మర్నాడు పొద్దున్నే పిల్లుల్లా వచ్చి ఎక్కినవాళ్ళున్నారు. కానీ ఆవిడ దగ్గర నేర్చుకుని పరీక్షలో తప్పినవాళ్ళు బహు అరుదు. పరీక్షరోజున పక్కసీట్లో అధికారి ఎంత మూగగా కూర్చున్నా, వాళ్ళ చెవుల్లో హారన్ మేడమే మోగుతూ ఉండేది.

స్కూలు ఓనరు కూడా ఒకప్పుడు ఆవిడ తిట్లు తిన్నవాడే. తండ్రి తర్వాత స్కూలు తన చేతికొచ్చింది, జీతమిచ్చేది తనే. అయినా ఆవిడ ఆఫీసు గదిలో అడుగుపెడితే కుర్చీలోంచి సగం లేస్తాడు. అది మర్యాదో భయమో అతనికే తెలియదు.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆవిడా, ఆవిడ భర్తా. ఆయన కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. పళ్ళ డాక్టరు గది వెనకాల ఒక చిన్న గదిలో మైనం, అచ్చులు, గులాబీరంగు పొడి ముందేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరెవరివో నోళ్ళు బాగుచేస్తుంటాడు. తన నోరు మాత్రం తెరవడు. తెరిచే అవకాశం దొరకదని బంధువుల మాట. "ఇవాళ ఏమైందంటే" అని ఆయన మొదలుపెట్టేలోపే, "అది తర్వాత. ముందు ఆ తడి తువ్వాలు మంచం మీద ఎందుకు పడేశారో చెప్పండి" అనేది ఆవిడ. ఆయన లేచి తువ్వాలు ఆరేసి వచ్చేసరికి ఆ కథ మీద ఆయనకే ఆసక్తి పోయేది. ఊరందరికీ డ్రైవింగ్ నేర్పిన మనిషి కట్టుకున్నవాడికి నేర్పలేకపోయింది. మొదటి పాఠం మధ్యలోనే ఆయన ఏమీ అనకుండా కారు దిగి, బస్సెక్కి ఇంటికి వచ్చేశాడు.

అలాగని ఆ కాపురానికి వచ్చిన లోటేమీ లేదు. ఆవిడ కోపం అరుపుతో పుట్టి అరుపుతోనే పోయేది. కడుపులో పెట్టుకుని సాధించే రకం కాదు. తిట్టిన నోటితోనే "టీ తాగుతారా?" అని అడిగేది.

అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ తేలింది. స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. మొదట దాన్నీ తిట్టింది, "నీకు ఇప్పుడే తీరిందా?" అని. ఆస్పత్రిలో సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరని తేలిన రోజున, ఆపరేషన్‌కు కావలసిన పరీక్షలన్నీ ఒకేసారి చేద్దామని ఆవిడను ఒక మంచం మీద పడుకోబెట్టి, చుట్టూ ఆకుపచ్చ తెర లాగి వెళ్ళారు. ఆవిడ కళ్ళు మూసుకుంది గానీ నిద్రపోలేదు. తెర అవతల భర్త, ఆడపడుచు నిలబడి ఉన్నారు. ఆడపడుచు ఏడుస్తోంది.

"మన వదినకే ఎందుకు రావాలన్నయ్యా ఇది?" అంది.

ఆయన అన్నాడు, "దాని కోపమే తెచ్చిపెట్టింది. ఒంట్లో అంత మంట పెట్టుకుంటే ఏ ఒళ్ళు మాత్రం తట్టుకుంటుంది?"

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే తెర పక్కకు లాగి, మంచం దిగి వాళ్ళ తాట తీసేది. కానీ అన్నది ఎవరు? నోరు విప్పని మనిషి. ఆయన ఊసుపోక మాట్లాడడు. ఇన్నేళ్ళు పక్కనుండి చూసిచూసి అన్న మాట. డాక్టరు చెప్పిన జబ్బు పేరు కంటే అదే ఆవిడకు గట్టిగా తగిలింది. కోపంతో వచ్చిన జబ్బయితే కోపం మానేస్తే పోవాలి కదా, ఇక ఎవరినీ పల్లెత్తు మాట అననని ఆ తెర వెనకాల పడుకుని తనలో తనే ఒట్టు పెట్టుకుంది. భర్తను ఒక్క మాట అడగలేదు. అడిగితే గొంతు పెరుగుతుందని భయం.

ఆపరేషన్ అయింది. నెలల తరబడి నరంలోకి మందెక్కించారు. జుట్టు ఊడింది, గోళ్ళు నల్లబడ్డాయి, నీళ్ళు కూడా చేదయ్యాయి. అంతటిలోనూ ఆ వార్డులో ఆవిడంత మంచి పేషెంటు లేదని పేరొచ్చింది. మందెక్కించే నర్సుకు నరం దొరక్క ఇక్కడ కాదు అక్కడని పొడుస్తుంటే, "ఫర్వాలేదమ్మా, నీ తప్పేముంది, నా నరమే దొంగది" అనేది. ఆ నర్సు నలభై దాటిన మనిషి. ఇంటి నుంచి ఆస్పత్రికి రెండు బస్సులు మారి వస్తుంది. "నేనిక్కణ్ణించి బయటపడితే నీకు కారు నేర్పిస్తాను" అని ఆవిడ మాటిచ్చింది. ఇంత నెమ్మదైన మనిషి కారు నేర్పుతుందంటే నర్సుకు ముచ్చటేసింది.

చూడడానికి వచ్చేవాళ్ళలో చాలామంది ధైర్యం పంచిపెట్టడానికే వస్తారు. తమ దగ్గర ఎంతుందో చూసుకుని వస్తే బాగుండును. "నవ్వుతూ ఉండాలి వదినా. నవ్వేవాళ్ళ దగ్గర ఏ రోగమూ నిలవదట" అంది ఆడపడుచు, తెచ్చిన పళ్ళు బల్ల మీద పెడుతూ. నవ్వింది ఆవిడ. నోరంతా పుళ్ళు పడి, నవ్వితే పెదవి చిట్లే రోజులవి. రక్తం రాకుండా ఎంత నవ్వొచ్చో అంతా నవ్వింది.

చివరికి మందులు ముగిశాయి. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. అందరూ సంతోషించారు. ఎంత శాంతంగా తయారైందో చూడండి, జబ్బు ఆవిడకు మంచే చేసింది అని కూడా అన్నారు కొందరు. ఇలాంటి మాటలు అనేవాళ్ళను ఏం చేయాలో చెప్పడానికి ఒకప్పటి హారన్ మేడమే కావాలి. ఆవిడేమో "అంతా మీ అభిమానం" అంది.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. మందుల వల్ల ఆవిడ పాదాలు మొద్దుబారాయి. వట్టి కాళ్ళతో నడిచినా దళసరి మేజోళ్ళు తొడుక్కున్నట్టే ఉండేది. చెప్పు కాలి నుంచి జారి వెనకే ఉండిపోతే, నాలుగడుగులు వేశాక కంటితో చూసి తెలుసుకునేది. డాక్టరు "ఎలా ఉందమ్మా?" అంటే "బాగుందండీ" అనేది. నర్సు అడిగినా అదే జవాబు. కాలు బాగాలేదంటే విసుక్కున్నట్టు, విసుక్కుంటే కోపం తెచ్చుకున్నట్టు, కోపం తెచ్చుకుంటే మళ్ళీ అది వచ్చేస్తుందని ఆవిడ లెక్క. పైగా కాలు పనిచేయదంటే ఉద్యోగమూ ఉండదు.

అలా ఆ కాలితోనే పనిలోకి తిరిగి వచ్చింది. పక్కసీట్లో కూర్చుంది. నేర్చుకునే అబ్బాయి ఎర్రలైటు చూడకుండా పోతున్నాడు. నోటిదాకా వచ్చిన కేకను ఆవిడ మింగేసింది. మింగి, కాలు చాపి మెల్లగా తన బ్రేకు తొక్కింది. కారు ఆగింది. అబ్బాయి తన కాలి కేసి చూసుకుని గర్వంగా నవ్వాడు.

ఇక్కడే వచ్చింది చిక్కంతా. ఆ కారులో రెండు బ్రేకులనూ కలుపుతూ ఒక కడ్డీ ఉంటుంది. నేర్పేవాళ్ళు తొక్కితే నేర్చుకునేవాళ్ళ కాలి కింది పెడల్ కూడా దానంతటదే కిందికి దిగుతుంది. దాని మీద కాలు ఆనించి ఉన్న కొత్తవాళ్ళకు అది తమ ప్రతాపమే అనిపిస్తుంది. అలా నెలల తరబడి వాళ్ళు కాలు ఆనించడమే తప్ప తొక్కడం నేర్చుకోలేదు. ఆవిడకు తన కాలి కింద ఏముందో తెలియదు కాబట్టి, పక్కవాళ్ళ పెడల్ దిగుతోందో లేదో కళ్ళతో చూసుకునేది. అరవకుండా రోజు గడిచిందంటే చాలనుకునేది. అందరూ "ఎంత మంచి మేడం!" అంటూ పరీక్షకు వెళ్ళారు. పరీక్ష కారులో రెండో బ్రేకు తొక్కిపెట్టే దయామయులు ఎవరుంటారు? ఒకరి తర్వాత ఒకరు, ఆగమన్న గీత దాటి పోయి ఫెయిలై తిరిగొచ్చారు.

ఓనరు ఆవిడను గదిలోకి పిలిచి, లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా ఒక్కచోటే పోతున్నారు. బ్రేకు దగ్గర. ఆ అధికారి నన్ను నిలదీశాడు, మీ స్కూల్లో కార్లకు బ్రేకులున్నాయా లేవా అని."

"చూస్తాను నాయనా" అంది ఆవిడ.

ఆవిడ నోట 'నాయనా' అన్న పిలుపు అతను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. "ఒక్కసారి తిట్టండక్కా" అన్నాడు, బతిమాలుతున్నట్టు. "కావాలంటే నన్ను తిట్టి మొదలుపెట్టండి. వాళ్ళు పాసవ్వకపోతే నేను మిమ్మల్ని ఆఫీసులో కూర్చోబెట్టాల్సొస్తుంది. మీరు కూర్చునే మనిషా చెప్పండి?"

"కోపం రావట్లేదు బాబూ" అని అబద్ధమాడి బయటికి వచ్చింది. రాకపోవడమేమిటి, ఆ క్షణానే బోలెడంత వచ్చింది. దాన్ని అదిమిపెట్టడానికి కారిడార్‌లో నీళ్ళ కుళాయి దగ్గర చాలాసేపు నిలబడింది.

ఇంట్లో పరిస్థితి ఇంకో రకం. భర్తకు మాటలొచ్చాయి. అడ్డుకునేవాళ్ళు లేకపోయేసరికి భోజనాల దగ్గర ఆయన మొదలుపెట్టిన కథ పూర్తయ్యేది. ఒక ముసలాయన కట్టుడు పళ్ళు చేయించుకుంటూ, ముందు పన్ను ఒకటి కాస్త వంకరగా పెట్టమన్నాడట. తిన్నగా ఉంటే వాళ్ళావిడ పోల్చుకోలేదని. ఇలాంటివి ఆయన దగ్గర ఇన్ని ఉన్నాయని ఆవిడకు ఇన్నేళ్ళూ తెలియదు. నిజంగానే బాగుండేవి. కోపం లేకపోతే ఇల్లు ఎంత బాగుంటుందో చూశావా అని తనను తనే దెప్పుకునేది. అయితే ఆయనకూ ఏదో తేడా కొడుతూనే ఉంది. ఒకరోజు కావాలనే తడి తువ్వాలు మంచం మీద పడేసి, తలుపు పక్కన నిలబడి చూశాడు. ఆవిడ వచ్చింది, చూసింది, చప్పుడు చేయకుండా తీసి ఆరేసింది. ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు. ఎందుకో అడిగే ధైర్యం మాత్రం ఆయనకు ఎప్పుడూ లేదు.

ఇచ్చిన మాట ప్రకారం నర్సుకూ ఆవిడే నేర్పింది. నర్సు కూడా పరీక్ష తప్పింది. మళ్ళీ కట్టి మళ్ళీ తప్పింది. "నా వల్ల కాదేమో మేడం. ఇక్కడేమో ఎంత చక్కగా ఆపుతాను! అక్కడికెళ్తే నా కాలికేమవుతుందో!" అని నర్సు దిగులుపడుతుంటే ఆవిడకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు నోరు తెరిచింది. ప్రతిసారీ తెర అవతలి మాట గుర్తొచ్చి మూసేసింది.

వాన వెలిసిన ఒక మధ్యాహ్నం నర్సు నడుపుతోంది. రోడ్డు తడిగా ఉంది. ముందర ఒక వ్యాను రోడ్డుకు సగం అడ్డంగా ఆగి ఉంది. దాని వెనక తలుపులు బార్లా తీసి, ఇద్దరు మనుషులు పెద్ద బీరువా దించుతున్నారు. నర్సు చూసింది, బ్రేకు మీద కాలు ఆనించింది, ఎప్పటిలాగే అది దిగుతుందని ఎదురుచూసింది. ఆవిడ తన బ్రేకు తొక్కింది. గట్టిగానే తొక్కింది. కారు ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కింది. కళ్ళు నర్సు కాలి వైపు తిప్పితే అక్కడ పెడల్ అంగుళం కూడా కదలలేదు. అప్పుడు తన కాలు చూసుకుంది. తడిచెప్పు పెడల్ మీంచి ఎప్పుడు జారిందో ఏమో, దాని పక్కన వట్టి నేలను శక్తికొద్దీ తొక్కుతోంది.

"బ్రేకు తొక్కు! తొక్కవే! కాలుందా లేదా నీకు? తొక్కు!"

ఆ కేకకు నర్సు కాలు దానంతటదే పెడల్‌ను నేలదాకా అణిచేసింది. కారు ఊగిపోయి ఆగింది. ఇంజను ఆగింది. బీరువాకు, కారు ముక్కుకు మధ్య జానెడు చోటుంది. బీరువా మోస్తున్న ఇద్దరిలో ఒకాయన పైప్రాణాలు పైనే పోయి, దాన్ని కౌగిలించుకుని నిలబడిపోయాడు.

ఇక ఆవిడ ఆగలేదు. ఆగడం చేతకాలేదు. నర్సును తిట్టింది. తలుపు తీసుకుని దిగి, రోడ్డు మధ్య వ్యాను పెట్టిన డ్రైవర్ని తిట్టింది. బీరువా వాళ్ళను తిట్టింది. "రోడ్డు మీ నట్టిల్లు అనుకున్నారా? ఇంకో జానెడైతే ఏమయ్యేది? మీ ఇంట్లోవాళ్ళకు ఏం చెప్పుకునేదాన్ని నేను?" ఏడాది పైగా మింగినవన్నీ వరస తప్పి బయటికొచ్చాయి. తిడుతూనే ఏడుస్తోంది. ఎవరి కోసం ఏడుస్తోందో బీరువావాళ్ళకు అర్థం కాలేదు. క్షమించండమ్మా అని ఒకాయన బీరువా వెనకనుంచే అన్నాడు.

తిరిగి కారులో కూర్చున్నాక నర్సు మొహం వెలిగిపోతోంది. "మేడం, ఇవాళ బ్రేకు నేనే తొక్కాను కదా? ఎప్పుడూ ఇంత బరువుగా ఉండదు అది."

"నువ్వే తొక్కావు. ఇన్నాళ్ళూ నేను తొక్కాను" అంది ఆవిడ. చెప్పక తప్పలేదు. చెప్పడం మొదలుపెట్టాక కాలి సంగతి కూడా చెప్పింది.

నర్సు నవ్వు ఆగిపోయింది. అక్కడే కారులోనే ఆవిడ చెప్పు విప్పించి, బొటనవేలు గట్టిగా నొక్కి, "తెలుస్తోందా?" అంది. తెలియలేదు. "ఎన్నిసార్లు అడిగాను మేడం! కాళ్ళూ చేతులూ తిమ్మిర్లున్నాయా అని, వచ్చినప్పుడల్లా అడిగాను. బాగుంది బాగుంది అంటారేం? ఎవరి కోసం బాగుండడం?" నర్సు కోప్పడుతుంటే ఆవిడ తల దించుకుని వింది. తిట్లు తినడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. అంత ఘోరంగా ఏమీ లేదు.

ఆ సాయంత్రమే ఓనరుకు నిజం చెప్పింది. అతను కుర్చీలోంచి పూర్తిగానే లేచాడు. "రోడ్డు మీద పాఠాలు వద్దక్కా. కాలు బాగయ్యేదాకా మన గ్రౌండులో చెప్పండి. మీరు బయట నిలబడండి, కారు వాళ్ళు తిప్పుతారు. మీ గొంతు అద్దాలు మూసినా వినపడుతుంది." ఉద్యోగం నిలిచింది. దానికి ఆవిడ సంతోషించాల్సింది. కానీ ఆవిడ మనసు ఇంకోచోట ఉంది. అరిచేసింది. ఒట్టు పోయింది. ఇక అది తిరిగి వస్తుంది.

మళ్ళీ ఆస్పత్రికి పరీక్షలకు వెళ్ళేదాకా ఆవిడ పడిన నరకం ఇంతా అంతా కాదు. నడుం పట్టేస్తే ఎముకలోకి పాకిందనుకుంది. దగ్గొస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందనుకుంది. స్నానాల గదిలో ఆపరేషన్ మచ్చ చుట్టూ తడిమి తడిమి చర్మం ఎర్రగా కందిపోయింది. భర్తతో "కాలు మొద్దుబారింది, డాక్టరుకు చూపించాలి" అని మాత్రం చెప్పింది. ఆయన ఆ రోజు పని మానుకుని తోడొచ్చాడు.

స్కానింగ్ శుభ్రంగా ఉంది. ఏమీ లేదన్నాడు డాక్టరు. తర్వాత ఒక ఇనప కమ్మీని టంగుమని మోగించి ఆవిడ బొటనవేలి మీద ఆనించాడు. "అదురు తెలుస్తోందా?"

"మీ చేతిలో మోగడం వినపడుతోంది. నా కాలికి ఏమీ తెలియట్లేదు."

"మందుల వల్ల నరాలు దెబ్బతిన్నాయి. కొందరికి తగ్గుతుంది, కొందరికి కొంత ఉండిపోతుంది. మెట్ల దగ్గర జాగ్రత్త. పెడల్ మీద మాత్రం ఈ కాలిని నమ్మకండి. ముందే చెప్పాల్సింది కదమ్మా."

"మీరు తల ఎత్తి అడిగి ఉంటే చెప్పేదాన్ని. కంప్యూటర్ని చూస్తూ అడిగారు" అంది ఆవిడ. పక్కన కూర్చున్న భర్త ఉలిక్కిపడ్డాడు. డాక్టరు తల ఎత్తాడు. ఇదే అదను అనుకుని ఆవిడ అసలు ప్రశ్న అడిగేసింది. "కోపిష్టి మనుషులకు ఈ జబ్బు వస్తుందా? కోపం తెచ్చుకుంటే మళ్ళీ వస్తుందా?"

"రాదు" అన్నాడు డాక్టరు. "కోపం వల్ల వచ్చే జబ్బు కాదిది. అలాగని శాంతంగా ఉంటే రాకుండా ఉంటుందనీ చెప్పలేను. ఈ గదికి అన్ని రకాలవాళ్ళూ వస్తారు. మళ్ళీ రాకపోవచ్చు, మీకు ఆ అవకాశమే ఎక్కువ. వస్తే మాత్రం అది మీరు అరిచినందుకు కాదు."

ఈ మాటకు ఎగిరి గంతేయాలి. ఆవిడకు మాత్రం కొత్త భయం పట్టుకుంది. కోపమే కారణమైనంత కాలం, కోపం మానడం అనే పని ఒకటి తన చేతిలో ఉండేది. దాన్ని పట్టుకునే ఇన్నాళ్ళూ నిద్రపోగలిగింది. ఇప్పుడు తెలిసింది, ఆ వానరోజున కాలు చేసిన పనే ఏడాదిగా తనూ చేస్తోందని. తొక్కింది వట్టి నేలని. తన తప్పు కాదన్న మాట తియ్యగానే ఉంది, తన చేతుల్లో లేదన్న మాట మాత్రం మింగుడు పడలేదు. ఆ రెండూ ఒకటే మాట కావడం ఆవిడకు అన్యాయమనిపించింది.

ఆస్పత్రి ముందు బస్టాపులో బెంచీ మీద కూర్చున్నారు. ఆయన రిపోర్టులు సంచిలో సర్దుతూ, "పోనీలే, ఇక నిశ్చింత" అన్నాడు.

"మీరు ఆ మాట ఎందుకన్నారు?"

"ఏ మాట?"

"నా కోపమే జబ్బు తెచ్చిపెట్టిందని. మీ చెల్లెలితో. తెర అవతల నిలబడి. నేను మేలుకునే ఉన్నాను."

ఆయన సంచి మీద చేతులు అలాగే ఉంచి ఆలోచించాడు. నిజంగానే వెతుక్కుంటున్నాడు. ఎంత వెతికినా దొరకడం లేదని మొహం చూస్తే తెలుస్తోంది. "నేనా? ఎప్పుడన్నాను?"

ఆవిడ దేనికైనా సిద్ధపడింది. అనలేదని బుకాయిస్తాడనుకుంది, తప్పయిందంటాడనుకుంది. మర్చిపోయి ఉంటాడని మాత్రం ఊహించలేదు. ఏ మాట మీద తను ఏడాదిపైగా బతికిందో ఆ మాట ఆయన దగ్గర లేనే లేదు.

"గుర్తు లేదా? మీకు గుర్తు కూడా లేదా?" ఆవిడ లేచి నిలబడింది. "దాన్ని పట్టుకుని నోరు కుట్టేసుకున్నానండీ నేను! ఒళ్ళంతా సూదులతో పొడిస్తే నవ్వాను. మీ చెల్లెలొచ్చి నవ్వమంటే పెదాలు చిట్లుతున్నా నవ్వాను. కాలు చచ్చుబడిందని చెప్పలేదు, చెప్తే మళ్ళీ వస్తుందని! రోడ్డు మీద మనుషుల్ని చంపబోయాను! జన్మకొక్కసారి నోరు విప్పుతారు, ఆ రోజు మీకు దొరికిన మాట ఇదా? అదీ నాకు చెప్పలేదు, మీ చెల్లెలికి చెప్పారు! నాతో అని ఉంటే అక్కడికక్కడే నాలుగు దులిపేసి నిద్రపోయేదాన్ని!"

బస్టాపులో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. బస్సు వచ్చింది. ఎక్కేవాళ్ళు వెనక్కి చూస్తూ ఎక్కారు. బస్సు వెళ్ళిపోయింది. వీళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు.

"గుర్తు లేదు" అన్నాడాయన. "కానీ అనే ఉంటాను. నువ్వు అబద్ధం చెప్పవు. ఆ రోజు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు. ఏదో ఒక కారణం కావాలనిపించింది, చేతికి దొరికింది అనేశాను. నువ్వు తిట్టడం మానేసినప్పుడు జబ్బు వల్లేమో అనుకున్నాను. నా వల్ల అనుకోలేదు." ఆయన కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఏడవకండి. నాదింకా అయిపోలేదు" అంది ఆవిడ.

"కానివ్వు" అన్నాడాయన, ముక్కు తుడుచుకుంటూ.

కానిచ్చింది. పెళ్ళయిన కొత్తలో కారు దిగిపోయి బస్సెక్కడం దగ్గరనుంచీ అన్నీ తవ్వింది. ఆయన ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. మధ్యలో ఒకసారి మాత్రం "అది నిజమే" అన్నాడు. గొంతు బొంగురుపోయేసరికి ఇంకో బస్సు వచ్చి ఆగింది.

మెట్టు ఎత్తుగా ఉంది. ఆవిడ కమ్మీ పట్టుకుని, ఒక కాలు ఎత్తి, ఆగిపోయింది. ఇదివరకైతే బాగానే ఉందంటూ ఎక్కేసేది.

"పట్టుకోండి" అంది. "మెట్టు నా కాలికి తెలియట్లేదు."

ఆయన రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"అంత గట్టిగానా? చెయ్యి ఊడదీస్తారా ఏంటి?"

ఆయన పట్టు కాస్త సడలించాడు, వదల్లేదు. ఆవిడ కిందికి చూసుకుంటూ, కాలు ఎక్కడ పడుతోందో కళ్ళతో చూసుకుంటూ మెట్టెక్కింది.